శేషం సున్నా వచ్చిన చిట్టీ

కొత్తగా ఉద్యోగంలో చేరిన లెక్కల లెక్చరర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏ ఊరి పోస్టింగ్ నయం, ప్రమోషన్ ఎన్నేళ్లకు వస్తుంది అని అడుగుతారు. వాటికి జవాబు చెప్పేవాళ్లు డిపార్ట్‌మెంట్‌లో బోలెడుమంది ఉన్నారు. నేను చెప్పగలిగింది వేరు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఈ మూడు ఊళ్ల మధ్యే నా ఉద్యోగం గడిచింది. అందులో చాలా భాగం నక్సలైట్ల కాలం. అప్పట్లో ఒక సంఖ్య వల్ల ఒక మనిషికి ఏం జరిగిందో రాస్తాను. పేర్లన్నీ మార్చాను. ఏ కాలేజీయో, ఏ పోలీసు స్టేషనో రాయను. ఎందుకు రాయవని ఆ కాలం చూసినవాళ్లెవరూ అడగరు, మీరూ అడగొద్దు.

ముందు అనుమానించండి

లెక్కలు చెప్పేవాడికి ముందుగా ఉండాల్సింది అనుమానం. తెలివి తర్వాతి సంగతి. క్లాసులో అందరికీ ఒకే జవాబు వస్తే సంతోషించకండి, ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి.

ఒకసారి పాఠ్యపుస్తకం వెనక ఒక జవాబు తప్పుగా అచ్చయింది. నాకు తెలియక ఆ లెక్కే ఇంటి పనికి ఇచ్చాను. మరుసటి రోజు క్లాసంతా ఆ తప్పు జవాబునే చేసుకొచ్చింది. లెక్కలో చివరి వరుస దాకా అందరూ సరిగ్గానే నడిచారు. అక్కడ ఒకడు ఒక అంకె మింగాడు, ఇంకొకడు ఒక గుర్తు తిప్పేశాడు, మొత్తానికి పుస్తకం చెప్పిన చోటికి చేరుకున్నారు. తప్పు పిల్లలది అనను. చిన్నప్పటి నుంచి మనం ఇచ్చే భాగహారాలన్నీ నిశ్శేషంగా పోయేవే. చివర ఏదైనా మిగిలిందంటే తన లెక్క తప్పిందని పిల్ల భయపడుతుంది. ఆ భయం మనం పెట్టిందే. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, ముందు పనిబడుతుంది.

పరీక్ష హాల్లో చిట్టీలు పట్టడంలో నాకు పెద్ద పేరే ఉండేది. నేను వస్తున్నానంటే వరండాలోనే చిట్టీలు నమిలి మింగిన వీరులున్నారు. దొరికిన చిట్టీ రాత చూసి అది ఎవరిదో చెప్పేసేవాణ్ని. ఆ విద్య ఒక్కసారే నిజంగా అక్కరకొచ్చింది. ఆ ఒక్కసారీ తెలిసినా తెలియదని చెప్పాల్సి వచ్చింది.

మల్లేశం పెట్టుకున్న పని

మల్లేశం జగిత్యాలలో నా దగ్గర ఇంటర్ చదివాడు. ఊరు సిరిసిల్ల. తండ్రి నర్సయ్య సాంచెల మీద పనిచేసేవాడు. మరమగ్గాలను మా వైపు సాంచెలంటారు. మల్లేశం ఎమ్మెస్సీ చేసి కోరుట్లలో లెక్చరర్‌గా చేరాడు. చేరిన తర్వాత కూడా ఇంటికి వెళ్తూ వస్తూ జగిత్యాలలో దిగి నన్ను కలిసి పోయేవాడు. నాకంటే అనుమానం మనిషి. అందుకే నాకు నచ్చాడు.

ఒకరోజు కాగితం మీద 2147483647 అని రాసి నా ముందు పెట్టాడు.

"ఇది ప్రధాన సంఖ్య అంటున్నరు సార్."

"ఎవరంటున్నరు?"

"పుస్తకంల ఉన్నది."

"ఉన్నదంటె అయిపాయె గదా, ఇంకేంది?"

"గా పుస్తకమోళ్లు ఇంకో పుస్తకం జూసి రాసిన్రేమో సార్. మనం జూసినమా?"

ప్రధాన సంఖ్య అంటే ఒకటితోనూ తనతోనూ తప్ప ఇంక దేనితోనూ నిశ్శేషంగా పోని సంఖ్య. ఏడు, పదకొండు లాంటివి చూడగానే తెలిసిపోతాయి. ఇంత పెద్దదాన్ని ఊరికే చూస్తే ఏమీ తెలియదు, భాగించి చూడాల్సిందే. ఈ సంఖ్య ప్రధానమేనని రెండు శతాబ్దాల కిందటే తేల్చారు. మల్లేశానికి అది చాలలేదు.

పని అనుకున్నంత పెద్దది కాదు. 46340 దాటి వెతకక్కర్లేదు. అంతకంటే పెద్ద భాజకం ఒకటి ఉంటే, దానితో గుణించాల్సిన రెండోది అంతకంటే చిన్నదే అవుతుంది, వెతుకులాటలో ముందే దొరుకుతుంది. ఆ లోపల ప్రధాన సంఖ్యలు దాదాపు అయిదు వేలున్నాయి. అయితే ఇది మామూలు సంఖ్య కాదు. ముప్పై ఒక్క రెండులను గుణించి, అందులోంచి ఒకటి తీసేస్తే వచ్చింది. ఇలాంటి దానికి ఒక గుణం ఉంది. 248తో భాగిస్తే 1 గానీ 63 గానీ మిగిలే ప్రధాన సంఖ్యలకు తప్ప ఇది లొంగదు. అలా ఏరితే అయిదు వేలు కాస్తా ఎనభై నాలుగుకు దిగుతాయి. మొదటిది 311. తర్వాత 1303, ఆ తర్వాత 1489, అలా.

"ఎనభై నాలుగు భాగారాలు ఒక్కనివే చేస్తవా?" అన్నాను.

"పంచుదాం సార్. మా తాన కండెలు ఇల్లిల్లు పంచుతరు గదా, గట్లనే."

సిరిసిల్లలో నూలు కండెలు చుట్టే పని ఒక్క ఇంట్లో జరగదు. వాడకట్టంతా తలా కొంత చుట్టి ఇస్తారు. మల్లేశం అదే పద్ధతి పెట్టాడు. ఒక్కో చిట్టీ మీద పైన పెద్ద సంఖ్య, కింద ఒక భాజకం. కోరుట్లలో తన విద్యార్థులకు కొన్ని, సిరిసిల్లలో పక్కింటి పిల్లలకు కొన్ని, జగిత్యాలలో నా క్లాసుకు కొన్ని. భాగించి, కింద శేషం రాసి తిరిగివ్వాలి. చిట్టీ మీద పేరు ఉండకూడదు, వరుస సంఖ్య మాత్రమే ఉండాలి. తప్పు చేసిన పిల్లలు నలుగురిలో చిన్నబోకూడదని ఆ నియమం పెట్టాడు. నాకూ బాగుందనిపించింది.

ఇక్కడ మా ఇద్దరి బుద్ధీ గడ్డి తింది. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల చేతి నుంచి చేతికి చిట్టీలు నడిపేదెవరో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అన్నల, అంటే నక్సలైట్ల, కబుర్లన్నీ అలాగే నడిచేవి. పేర్లు లేకుండా, నెంబర్లు వేసి, మూడు ఊళ్ల మధ్య బస్సుల్లో చిట్టీలు తిప్పుతూ మాకు ఆ ధ్యాసే రాలేదు. లెక్క మంచిదైతే దాన్ని చేసే తీరును ఎవరూ తప్పుపట్టరనుకున్నాం.

నర్సయ్య వచ్చాడు

దసరా సెలవులు అయిపోయి మల్లేశం సిరిసిల్ల నుంచి కోరుట్లకు బయల్దేరాడు. దారిలో బస్సు ఆపి తనిఖీ చేశారు. అతని సంచిలో, మూడు ఊళ్ల నుంచి పోగుచేసి ఇంకా సరిచూడని చిట్టీల కట్ట దొరికింది. ఇవేంటని అడిగితే భాగహారాలన్నాడు. ఎవరు రాశారని అడిగితే పిల్లలన్నాడు. ఏ పిల్లలని అడిగితే మాత్రం నోరు విప్పలేదు.

మరునాడు నర్సయ్య మా ఇంటికి వచ్చాడు. చొక్కాకు నూలు దుమ్ము అలాగే ఉంది. సాంచె ఆపి ఉన్నపళంగా బస్సెక్కి వచ్చాడు.

"సార్, మా పోరడు అంకెలు రాసిండట. అంకెలు రాస్తె గూడ పట్కపోతరా?"

ఆ కాలంలో స్టేషన్‌కు తీసుకుపోయిన వాళ్లందరూ ఇంటికి తిరిగి రాలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మా ప్రిన్సిపాల్‌కు చెప్పి పోదామని కాలేజీకి వెళ్లాను. ఆయన తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించాడు.

"గా పిలగాడు మనకెందుకయ్యా? ఆ చిట్టీలు మనయి గావు. ఎవలన్న అడిగితె నాకు తెల్వదని చెప్పు, ఒడిసిపోతది."

"అండ్ల మన పిల్లలు రాసినయి గూడ ఉన్నయి సార్."

"అందుకే చెప్తున్న, మనయి గావు."

ఆయన మీద నాకు అప్పుడు చాలా కోపం వచ్చింది. ఇప్పుడు లేదు. ఆయనకు కాలేజీలో పిల్లలున్నారు, ఇంట్లో పిల్లలున్నారు. భయపడ్డాడు. కానీ కొత్తగా చేరే మీకు ఒకటి చెబుతాను. పై అధికారి గొంతు తగ్గించి ఇచ్చే సలహా ఆయన క్షేమం కోసమా, మీ క్షేమం కోసమా అని ఒక్కసారి ఆలోచించుకోండి. నేను నర్సయ్యను వెంటబెట్టుకుని బస్సెక్కాను.

1303

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. సన్నగా, మర్యాదగా ఉన్నాడు. ఆ మర్యాదే నన్ను ఎక్కువ భయపెట్టింది. నర్సయ్యను బయటే ఉంచి నన్ను లోపలికి పిలిచాడు. బల్ల మీద చిట్టీలు వరుసగా పరిచి ఉన్నాయి.

వెనక వరండాలో మల్లేశం నేల మీద కూర్చుని కనిపించాడు. పెదవి వాచిపోయింది. నన్ను చూసి, ఎరగనట్టు తల తిప్పుకున్నాడు. నన్ను ఇందులోకి లాగకూడదనే అలా చేశాడని అర్థమైంది.

"కూర్చోండి మాస్టారూ. మీదీ ఈ జట్టేనా?"

"నేను ఆయనకు సదువు చెప్పిన సార్. ఇవి భాగహారాలు."

"అతనూ అదే పాట పాడుతున్నాడు. మూడు వందల పదకొండు, ముప్పై ఐదు. ఏంటిది? మూడు వందల పదకొండో నెంబరు వాడు ముప్పై ఐదు మందిని తెస్తున్నాడా?"

"311తో భాగిస్తె 35 మిగుల్తది సార్."

"పద్నాలుగు వందల ఎనభై తొమ్మిది, నూట తొంభై తొమ్మిది?"

"గదీ గంతే. 199 మిగుల్తది."

ప్రధాన సంఖ్య అంటే ఏమిటో ఆయనకు విడమరిచి చెప్పాను. ఏ చిట్టీలో చూసినా ఏదో ఒకటి మిగులుతుంది, ఎక్కడా సున్నా రాదు, అదే మేం తేల్చుకోవాలనుకుందని చెప్పాను. ఆయన ఓపిగ్గా అంతా విన్నాడు. విన్నాక, పక్కన విడిగా పెట్టిన ఒక చిట్టీని వేలితో నా వైపు జరిపాడు.

"ఎక్కడా సున్నా రాదన్నారు. ఇది చూడండి."

భాజకం 1303. శేషం దగ్గర గుండ్రంగా సున్నా ఉంది.

"అన్నింటికీ ఏదో ఒకటి మిగిలింది, దీనికొక్కదానికి ఏమీ మిగల్లేదు. లెక్కే అయితే మీ సంఖ్య ప్రధానం కాదు, మీరు చెప్పింది అబద్ధం. లెక్క కాదంటే ఇది సంకేతం. ఏదంటారు?"

నిజం చెప్పాలంటే ఒక్క క్షణం నాకూ మల్లేశం మీద అనుమానం తగిలింది. ఎనభై మూడు లెక్కల మధ్య ఒక కబురు దాచడం కష్టమేం కాదు. నేనైతే అలాగే దాచేవాణ్ని.

చిట్టీ చేతిలోకి తీసుకుని పై నుంచి కిందికి చూశాను. రాత చూడగానే తెలిసిపోయింది. నాలుగును పై నుంచి మూసి రాసే అలవాటు నా క్లాసులో ఒక్కరికే ఉంది. పెగడపల్లి నుంచి వచ్చే పద్మ. రైతుల బిడ్డ, వాళ్ల ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి పిల్ల.

సీఐ నా మొహమే చూస్తున్నాడు.

"ఈ రాత ఎవరిదో మీకు తెలుసు."

"తెల్వదు సార్."

"పరీక్షల్లో చిట్టీలు పట్టడంలో మీరు దిట్ట అని విన్నానే?"

ఆ కబురు అక్కడిదాకా వెళ్లిందంటే ఇంకేమేం వెళ్లాయో అనిపించింది.

"పట్టిన సార్. గీ రాత మాత్రం నాకు తెల్వదు."

పేరు చెబితే జీపు పెగడపల్లికి పోతుంది. చెప్పకపోతే మల్లేశం అక్కడే ఉండిపోతాడు. ఇద్దరినీ తప్పించగలిగేది ఆ లెక్క ఒక్కటే. నేను మళ్లీ చిట్టీలోకి దిగాను. పిల్ల చక్కగా చేసుకొచ్చింది. ఒకట్లు, ఆర్లు, ఎనిమిదులు అన్నీ సరిగ్గానే కూర్చున్నాయి. చివరి మెట్టులో 9347 మిగిలింది. దాంట్లో 1303 ఏడుసార్లు పోతుంది. కింద ఏడుసార్ల విలువ రాయాలి. అక్కడ మళ్లీ 9347 అనే రాసి, తీసివేసి, సున్నా పెట్టింది. పుస్తకం వెనక తప్పు జవాబుకు క్లాసంతా ఎలా చేరుకుందో, ఈ పిల్ల సున్నాకు అలాగే చేరుకుంది. ఏదో మిగులుతుంటే తనే తప్పు చేశాననుకుని భయపడి లెక్క మూసేసింది.

"సార్, ఏడు మూళ్లు ఎంత?" అన్నాను.

సీఐ నవ్వలేదు. తలుపు దగ్గర నిలబడ్డ హెడ్ కానిస్టేబుల్ అలవాటుగా, "ఇరవై ఒకటి" అన్నాడు.

"1303ని ఏడుతో గుణిస్తె చివర ఒకటి రావాలె. ఈడ ఏడున్నది సూడున్రి. ఎవలో పిల్లలు శేషం మిగిలిందని భయపడి కలిపేసిన్రు. అసలుకు 9121 రావాలె. 226 మిగుల్తది."

"కావాలనే తప్పు రాసి ఉండొచ్చుగా?"

"ఉండొచ్చు. మీరే చేసి సూడున్రి. 226 రాకపోతె నన్ను గూడ లోపలెయ్యున్రి."

ఆయన ముగ్గురు కానిస్టేబుళ్లను పిలిచి, తలొక తెల్ల కాగితం ఇచ్చి, ఒకరి కాగితం ఒకరికి కనపడకుండా మూడు మూలల్లో కూర్చోబెట్టాడు. నేనైనా అలాగే కూర్చోబెట్టేవాణ్ని. కాసేపు ఆ స్టేషన్లో ఎక్కాల గొణుగుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఇద్దరికి 226 వచ్చింది. మూడోవాడికి ఇంకేదో వచ్చింది. సీఐ కసురుకుని మళ్లీ చేయించాడు. అప్పుడు 226 వచ్చింది. తర్వాత ఆయన తనకు తోచిన చిట్టీలు ఏరి చేయించాడు. అన్నీ రాసినట్టే వచ్చాయి.

గీత ఎక్కడ

సీఐ మొహంలో బిగువు కాస్త సడలింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఇన్నేళ్లలో నా విద్యార్థులెవరూ అడగని ప్రశ్న అడిగాడు.

"46340 దగ్గర ఆపేశారేం? అసలువాడు ఆ తర్వాత ఉంటే?"

"ఉంటె ఒక్కడే ఉండడు సార్. వానికి జోడిగాడు ఒకడు ఈ దిక్కుండాలె. ఇద్దరూ గీత దాటి ఉన్నరంటె, ఇద్దర్ని గుణిస్తె మన సంఖ్యకన్న ఎక్కువైతది. ఈ దిక్కున్న అందర్ని అడిగినం, ఎవ్వడూ గాదు. అందుకే ఆన్నే ఆగినం."

ఆయన చిట్టీలన్నీ ఏరి మళ్లీ కట్టగా పెట్టాడు.

"బావుంది మాస్టారూ. మీ సంఖ్య మీద నాకిప్పుడు అనుమానం లేదు."

"మరి మల్లేశం?"

"సంఖ్యకు మీరు గీత చూపించారు. ఇంతవరకు అడిగితే చాలన్నారు, సరే. మనిషికి ఆ గీత ఎక్కడుందో చెప్పండి, నేనూ ఆగుతాను."

ఈ రోజు అడిగినా చెప్పలేను.

సాయంత్రం మల్లేశాన్ని వదిలారు. వారం వారం వచ్చి సంతకం పెట్టాలన్నారు. చిట్టీలు తిరిగివ్వలేదు. బస్టాండుకు నడుస్తుంటే నర్సయ్య కొడుకు చెయ్యి పట్టుకుని వదల్లేదు. మల్లేశం నన్ను ఒక్కటే అడిగాడు.

"1303కు ఎంత మిగిలింది సార్?"

"226."

"అయితె సక్కగనే ఉన్నది" అన్నాడు. వాచిన పెదవితో ఆ మాట సరిగ్గా రాలేదు.

బయటపడ్డాక

కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. నర్సయ్య మళ్లీ వచ్చాడు. వీర్నపల్లి అడవి దిక్కు నుంచి ఇద్దరు అన్నల మనుషులు వాళ్లింటికి వచ్చి, చాయ తాగి, ఒక మాట అడిగి పోయారట.

"అందరు లోపల్నే ఉంటున్నరు, మీ కొడుకెట్ల బయటవడ్డడు అన్నరు సార్. ఏం జెప్పి బయటికొచ్చిండో కనుక్కొమ్మన్నరు. నేనేం జెప్పాలె? భాగారం జేసి ఇడిపిచ్చిన్రంటె నమ్ముతరా?"

పోలీసులకు అతను అన్నల మనిషి. అన్నలకు పోలీసుల మనిషి. కోరుట్ల స్టాఫ్‌రూంలో అతను అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. సీఐ ముందు కూర్చుని లెక్క చేసి చూపించగలిగాను. వీళ్లలో ఎవరి ముందు కూర్చోవాలి? చూపిస్తానన్నా కాగితం వైపు చూసేవాళ్లు కాదు. నాకు ఒళ్లు మండిపోయేది, చేసేదేమీ ఉండేది కాదు.

మల్లేశం ఉద్యోగం వదిలేసి భివండి వెళ్లిపోయాడు. సిరిసిల్ల వాళ్లు చాలామంది అక్కడి సాంచెల మీదే బతుకుతారు. అతనూ వాళ్లలో కలిసిపోయాడు. నా చేతుల మీదుగా పోయిన పిల్లల్లో అంత మంచి బుర్ర ఇంకొకటి నేను చూడలేదు. అది పోగులు అతుక్కుంటూ అరిగిపోయిందంటే నాకు ఇప్పటికీ ఏడుపు వస్తుంది.

పద్మ టీచరైంది. ఆ సున్నా సంగతి ఆమెకు చెప్పలేదు. ఈ రాత చదివి తనే అని గుర్తుపట్టినా నేను ఒప్పుకోను. ఆ ఏడాది నుంచి నేను ఇచ్చిన భాగహారాల్లో ఒక్కటీ నిశ్శేషంగా పోలేదు. అన్నీ వికారమైన శేషాలే. మీరూ అలాగే ఇవ్వండి. మిగిలింది మిగిలినట్టు రాసే ధైర్యం పిల్లలకు రావాలి.

రిటైరయ్యాక ఒక పెళ్లికని సిరిసిల్ల వెళ్లాను. అప్పటికి అది జిల్లా కేంద్రం కూడా అయింది. బస్టాండు ముందు హోటల్లో చాయ తాగుతుంటే ఎదురుగా ఒక నెరసిన తల మనిషి వచ్చి నిలబడి నమస్కారం పెట్టాడు. పెదవి మీద పాత మచ్చ చూసి గుర్తుపట్టాను. భివండి వదిలేసి వచ్చానని, ఇక్కడే నాలుగు సాంచెలు నడుపుకుంటున్నానని చెప్పాడు. నర్సయ్య పోయాడట. మా పాత కాలేజీకి వచ్చి పిల్లలతో ఒక గంట మాట్లాడమని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. పోనీ ఫోన్ నెంబరైనా రాసివ్వమని జేబులోంచి కాగితం, పెన్నూ తీసి ఇచ్చాను. అతను పెన్ను ముట్టుకోలేదు.

"నోటితోని చెప్త, మీరే రాసుకోన్రి సార్. నేను కాయితం మీద అంకెలు రాసి ఎవలకియ్య. గప్పట్నుంచి ఇయ్యలే."

ఒక్కో అంకె చెప్పాడు, రాసుకున్నాను. చివరిది నాలుగు. నేను కళ్లజోడు సర్దుకుని నెంబరు వైపు చూస్తుంటే మల్లేశం మొహంలో చాలా ఏళ్ల కిందటి నవ్వు కనిపించింది.

"ఊకె సూడకున్రి సార్, గది రెండుతోనే పోతది."

ఇద్దరం నవ్వుకున్నాం. నెంబరు నా ఫోన్లో ఎక్కించుకునే దాకా అతను చూస్తూ ఉన్నాడు. ఎక్కించుకున్నాక చెయ్యి చాపాడు.

"ఇగ ఆ కాయితం ఇటియ్యున్రి."

ఇచ్చాను. దాన్ని చిన్న చిన్న ముక్కలు చేశాడు. హోటల్లో చెత్తబుట్ట పక్కనే ఉంది. అందులో వేయలేదు. ముక్కలన్నీ ఏరి తన చొక్కా జేబులో వేసుకుని, బొత్తాం పెట్టుకున్నాడు.